గోదారికి మూడు హెచ్చరికలున్నయ్.. మరి దవాఖానకు?

భద్రాచలం కాడ గోదారి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఎంత నీళ్లకు ఏ రోడ్డు మునుగుతది, ఎవలను ఖాళీ చేయించాలె అన్నది వరద రాకముందే అనుకొని పెట్టుకుంటరు. 2022 జులైల 71.3 అడుగులొచ్చినప్పుడు నెలలు నిండిన గర్భిణులను ముందుగాలనే దవాఖాన్లకు తరలించిండ్రు. వరద కాడ ఉన్న ఈ తెలివి దవాఖాన లోపల ఎందుకు కనవడదు?

తిరుపతి రుయా ముచ్చట యాది చేసుకోండ్రి. 2021 మే 10 రాత్రి ఆక్సిజన్ ట్యాంకర్ లేటయింది, పైపుల్ల ప్రెషర్ పడిపోయింది. ఐదు నిమిషాల తేడా అన్నరు అధికారులు. వాళ్ల లెక్కల్నే 11 మంది కరోనా రోగులు సచ్చిపోయిండ్రు. ట్యాంకర్ లేటయింది అని ఒక్క మాటల తేల్చేసినోళ్లు మస్తుమంది. నేనైతే ఒప్పుకోను. బండి అన్నంక లేటయితది, టైరు పేలుతది, రోడ్డు జామయితది. ట్యాంకుల ఎంత మిగిలినప్పుడు ఫోన్ కొట్టాలె, ఆ ఫోన్ ఎవలు కొట్టాలె, సిలిండర్లకు ఎప్పుడు మార్చాలె, రాత్రి డ్యూటీల ఆ పని వచ్చినోళ్లు ఎందరు? అసలు అడగాల్సింది ఇవి. గోదారి కాడ అడుగుల లెక్క ఉన్నట్టే ఆక్సిజన్ ట్యాంకుకు సుత ఓ గీత ఉండాలె.

దీన్నే ముందస్తు ముప్పు అంచనా అంటరు. పేరు పెద్దదిగని లెక్క సులువే. ఏ ఆపద ఎంత తరుచుగ రావచ్చు, వస్తే ఎంత నష్టం, మన కాడ తయారీ ఎంత? వీటికి మార్కులేసి, ఎక్కువ ముప్పున్నదాని పని ముందు పట్టుడు. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ దవాఖానల భద్రత మీద 2016లనే మార్గదర్శకాలిచ్చింది. అంటే కాయితాలకు కరువు లేదు.

మార్కులేసేటప్పుడు భూకంపం, బాంబు లాంటి పెద్ద పేర్ల మీదికే మనసు పోతది. మన ఏరియా దవాఖానకు మే నెల మిట్టమధ్యాహ్నం కరెంటు పోవుడే పెద్ద ముప్పు. ఇంకోటి, ఒక్కసారి రాసిన లెక్క ఎప్పటికీ నడవది. విజయవాడ స్వర్ణ ప్యాలెస్ హోటల్‌ను కరోనా సెంటర్ చేసిండ్రు, 2020 ఆగస్టు 9న మంటలొచ్చి 10 మంది పాణం పోయింది. హోటల్ గదిల మంచాన పడ్డ రోగి ఉంటే ముప్పు లెక్క మొత్తం మారుతది. నడిచే మనిషి మెట్లు దిగి ఉరుకుతడు, ఆక్సిజన్ మీదున్నోడు ఎట్ల ఉరుకుతడు?

పోయిన ఎండాకాలం మా దిక్కు ఓ దవాఖానల అడిగిన: జనరేటర్ల డీజిల్ ఎన్ని గంటలొస్తది అని. "డ్రైవర్‌నడుగు" అన్నడొకాయన. డ్రైవర్ ఆనాడు లీవు.

తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, మీ కాడ కూడా అడుగుండ్రి. డీజిల్ ఎన్ని గంటలు, ఆక్సిజన్ ఎంతకు పడిపోతే ఫోన్ కొడతరు, మంటలొస్తే రోగులను దించుడు ఆఖరుసారి ఏ తారీఖున ప్రాక్టీసు చేసిండ్రు. నోటితోని చెప్పకుంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టుండ్రి, 30 రోజుల్ల రాసియ్యాలె.