వేషాలు సరే, కథలు వింటున్నామా?



ఏటా స్కూల్ డే నాడు మన పిల్లలు రకరకాల వేషాలు వేస్తారు. ఒకరు పంజాబీ తలపాగా, ఒకరు బెంగాలీ చీర, ఒకరు లంబాడీ అద్దాల లంగా. మీరు ఫోటోలు తీస్తారు, మేం చప్పట్లు కొడతాం, స్టేజీ మీద ‘భిన్నత్వంలో ఏకత్వం’ అని బ్యానర్ కడతాం. ఇందులో తప్పేమీ లేదు. కానీ వేషం విప్పేశాక ఏం మిగులుతోంది? లంబాడీ లంగా కట్టుకున్న పాపకు, అదే తరగతిలో నిజంగానే తండా నుంచి వచ్చిన అమ్మాయి పక్కన కూర్చోవాలనిపించిందా? వేషం చూస్తే బట్టలు తెలుస్తాయి. మనిషి తెలియాలంటే ఆ మనిషి నోటే కథ వినాలి. ఈ నెల మీతో పంచుకోవాలనుకున్న మాట ఇదే.

నేను ఏడో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. ఈ ఏడాది పిల్లల ఇళ్లలో మాట్లాడే భాషలన్నీ బోర్డు మీద రాయిస్తే ఎనిమిది తేలాయి: తెలుగు, ఉర్దూ, హిందీ, మార్వాడీ, తమిళం, ఒడియా, బెంగాలీ, లంబాడీ. హైదరాబాద్‌లో ఇది మామూలే. అందుకే వారానికోసారి ఇరవై నిమిషాలు ‘నా కథ’ అని పెట్టుకున్నాం. ఒకరు చెబుతారు, మిగతావాళ్లు మధ్యలో మాట్లాడకుండా వింటారు, ఆ తర్వాత ప్రశ్నలు అడుగుతారు.

మొదట్లో అన్నీ పండగ కబుర్లే. తీజ్ పండక్కి తండాలో ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచి, చివరి రోజు నీళ్లలో కలుపుతారని ఒక అమ్మాయి చెప్పింది. “మా బతుకమ్మ కూడా తొమ్మిది రోజులే, అదీ చెరువులోకే!” అంది ఇంకో అమ్మాయి. ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసి టిఫిన్ బాక్సులు తెరుస్తున్నారు.

అన్ని కథలూ ఇంత తియ్యగా ఉండవు. ఒక అబ్బాయి తన కుటుంబం అద్దె ఇల్లు వెతికిన సంగతి చెప్పాడు. టూలెట్ బోర్డు చూసి లోపలికి వెళ్తారు, ఇల్లు నచ్చుతుంది, ఓనర్ పేరు అడుగుతారు, పేరు వినగానే “అయ్యో, నిన్ననే ఇచ్చేశాం” అంటారు. అలా మూడు ఇళ్లు. క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. కాసేపటికి వెనక బెంచీ పిల్లవాడు లేచి, “మిస్, మా ఇంటికి కూడా టూలెట్ బోర్డు ఉంది. మా డాడీని అడుగుతాను” అన్నాడు. (ఆ అబ్బాయీ వాళ్ల అమ్మానాన్నా సరేనన్న తరవాతే ఇది రాస్తున్నాను.) ‘అందరూ సమానమే’ అని నేను వంద సార్లు చెప్పినా ఆ పిల్లవాడు ఆ మాట అనేవాడు కాదు.

ఇది కొత్త సంగతి కాదు. 1994లో అమెరికాలోని లాంగ్ బీచ్‌లో ఎరిన్ గ్రూవెల్ అనే కొత్త ఇంగ్లిష్ టీచర్‌కు నల్లజాతి, లాటినో, కంబోడియా కుటుంబాల పిల్లలున్న క్లాసు ఇచ్చారు. బయట వీధుల్లో గ్యాంగుల గొడవలు, లోపల ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఆమె వాళ్లతో ఆన్ ఫ్రాంక్ డైరీ, సరాయెవో యుద్ధంలో చిక్కుకున్న జ్లాటా ఫిలిపోవిచ్ డైరీ చదివించి, తర్వాత వాళ్ల సొంత డైరీలు రాయించింది. 150 మంది రాసిన ఆ పుటలు 1999లో ‘ది ఫ్రీడమ్ రైటర్స్ డైరీ’గా అచ్చయ్యాయి. నాకు నచ్చింది ఏమిటంటే, అందులో డైరీలకు పిల్లల పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. కథ చెప్పించడం ఎంత ముఖ్యమో, చెప్పినవాళ్లను కాపాడటమూ అంతే ముఖ్యం.

మీలో కొందరు పేరెంట్స్ మీటింగ్‌లో అడిగిన ప్రశ్నలు న్యాయమైనవే. ఇంటి విషయాలు క్లాసులో ఎందుకు అన్నారు. చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా పిల్లల ఇష్టం. ‘ఈ వారం నేను వింటాను’ అంటే చాలు, మార్కులు లేవు, ఫోన్ రికార్డింగ్ లేదు. బాధ కలిగించే విషయం ఏదైనా బయటపడితే అది క్లాసులో సాగదు, కౌన్సెలర్ గదికి వెళ్తుంది. ఫీజు కట్టేది ఇంగ్లిష్ కోసం కదా, తెలుగులో, హిందీలో ఎందుకు మాట్లాడనిస్తున్నారు అన్నారు. నానమ్మ తిట్టిన తిట్టు ఇంగ్లిష్‌లో చెప్పమంటే పిల్లలు కథే మానేస్తారు. ముందు నోటికొచ్చిన భాషలో చెబుతారు, తర్వాత దాన్నే ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాస్తారు. చెప్పాలన్న ఆరాటం ఉన్నప్పుడు మాటలు వెతుక్కుంటూ వస్తాయి. డిక్షనరీ కోసం చేతులు చాచేది ఆ రోజే. ఇక సిలబస్ అంటారా, 2020 జాతీయ విద్యా విధానమే సహానుభూతిని విద్య నేర్పాల్సిన విలువల్లో ఒకటిగా రాసింది.

ఒక్క జాగ్రత్త మాత్రం మనమందరం తీసుకోవాలి. విన్న కథ ‘అయ్యో పాపం’ దగ్గర ఆగిపోకూడదు. జాలి చూపిస్తే ఎదుటివాడు ఒక మెట్టు కిందికి దిగిపోతాడు. ఇల్లు దొరకని ఆ అబ్బాయి క్లాసులో అందరికన్నా బాగా చెస్ ఆడతాడు, లెక్కల్లో పక్కవాళ్లకు సాయం చేస్తాడు. అతనికి కావలసింది జాలి కాదు, ఆదివారం మీ ఇంటికి ఆడుకోవడానికి రమ్మన్న పిలుపు.

సగం పని బడిలో జరిగితే మిగతా సగం మీ భోజనాల దగ్గర జరగాలి. ఈ నెలలో ఒక రాత్రి టీవీ ఆపి, మీరు మొదటిసారి కొత్త ఊరికి వచ్చిన రోజు గురించి పిల్లలకు చెప్పండి. భాష రాక, యాస చూసి ఎవరో నవ్విన రోజు, లేదా ముక్కూమొహం తెలియనివాళ్లు చేరదీసిన రోజు. ఆ తర్వాత వాళ్లు తమ ఫ్రెండ్ కథ ఒకటి మీ దగ్గరకు తెస్తే, “వాళ్లంతేలే” అని తేల్చేయకండి. “తర్వాత ఏమైంది?” అని అడగండి.