చౌక ధర ఒక్కటే కొలబద్ద కారాదు

సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో 2017లో వైద్య పరికరాల పార్కుకు ప్రారంభోత్సవం జరిగింది. ఇటువంటి పార్కులలో స్థలాలు కేటాయించే పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఉన్నది బషీర్‌బాగ్ పరిశ్రమ భవన్‌లో. ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు, పరికరాలు కొనుగోలు చేసే సంస్థ ఉన్నది పక్కనే కోఠీలో. అందువల్ల వైద్య ఉత్పత్తులను ఎవరిచేత తయారు చేయించాలి, ఎవరి వద్ద కొనాలి అన్న ప్రశ్న ఈ ప్రాంతానికి దూరపు ముచ్చట కాదు.

సొంత కర్మాగారం పెట్టే స్తోమత అందరికీ ఉండదు. సిరంజీలు, గ్లవ్స్, సెలైన్, మాత్రలు మరొకరి కర్మాగారంలో చేయించి తమ పేరుతో అమ్ముకోవడం ఈ వ్యాపారంలో పరిపాటి. లోన్ లైసెన్సు రూపంలో చట్టమే అందుకు వీలు కల్పించింది. ఇందులో తప్పు లేదు. తయారీదారును ఎంచుకునేటప్పుడు ధర తప్ప మరేదీ చూడకపోవడమే తప్పు.

2016లో నగరంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి కళ్లలో ఇన్ఫెక్షన్ సోకింది. ఆపరేషన్‌లో వాడిన ద్రావణంలో సూక్ష్మజీవులున్నట్లు పరీక్షలలో తేలింది. చూపు బాగుపడుతుందని వచ్చినవారిలో కొందరు ఉన్న చూపునే పోగొట్టుకున్నారు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వారా ప్రాంతంలో దగ్గు మందు తాగిన పిల్లలు 20 మందికి పైగా మరణించారు. తమిళనాడులో తయారైన ఆ మందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం బయటపడింది. రెండు ఘటనలలోనూ సీసాను చూసి ఎవరూ ఏమీ పోల్చుకోలేరు. కర్మాగారంలో జరిగిన లోపం రోగి శరీరంలోకి వెళ్లిన తరువాతనే బయటపడింది.

కాబట్టి తయారీదారును ఎంచుకునేవారు ముందుగా స్వయంగా వెళ్లి కర్మాగారం చూడాలి. గోడకు తగిలించిన ధ్రువపత్రం ఏ ఉత్పత్తికి, ఏ షెడ్డుకు ఇచ్చారో చదవాలి. గ్లవ్స్ తయారీకి వచ్చిన ధ్రువపత్రం కాథెటర్ల తయారీకి పనికిరాదు. ముడిసరుకు ఎవరి నుంచి వస్తున్నది, ప్రతి డ్రమ్మునూ పరీక్షిస్తున్నారా లేక అమ్మినవాడు ఇచ్చిన కాగితాన్నే నమ్ముతున్నారా అని అడగాలి. సూక్ష్మజీవులను చంపడానికి ఎథిలిన్ ఆక్సైడ్ వాయువు వాడితే, ఆ వాయువు అవశేషాలు పరికరంలో మిగలకుండా చూస్తున్నారా అని అడగాలి. ఒక బ్యాచ్‌లో లోపం కనిపిస్తే అది ఏయే ఆసుపత్రులకు చేరిందో ఒక్క రోజులో చెప్పగలరా అన్నది మరొక పరీక్ష. తీసుకున్న పనిని మీకు చెప్పకుండా ఇంకొకరికి అప్పగించరాదని ఒప్పందంలో రాయించుకోవాలి.

చట్టం కూడా ఈ దిశగానే నడుస్తున్నది. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు ప్రమాద స్థాయిని బట్టి పరికరాలను ఏ, బి, సి, డి అని నాలుగు తరగతులుగా విభజించాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. మందుల విషయంలోనైతే, ఇతరుల చేత చేయించి తన పేరుతో అమ్మే సంస్థ కూడా నాణ్యతకు బాధ్యత వహించాలన్న నిబంధన 2021 మార్చి 1 నుంచి అమలులో ఉన్నది. “మేము తయారు చేయలేదు, అమ్మాము అంతే” అని తప్పించుకునే వీలు ఇక లేదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకుంటే ఖర్చు పెరుగుతుంది, ఆ భారం చివరకు పేద రోగిపైనే పడుతుంది కదా అని వ్యాపారులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గుండెకు వేసే స్టెంట్ల ధర సామాన్యుడికి అందడం లేదనే కేంద్రం 2017 ఫిబ్రవరిలో మందు పూత లేని వాటికి రూ.7,260, మందు పూత ఉన్న వాటికి రూ.29,600 గరిష్ఠ ధరగా నిర్ణయించింది. అయితే చౌకకూ నాణ్యతకూ వైరం లేదని ఈ నగరమే చూపింది. హృద్రోగ నిపుణులు డాక్టర్ సోమరాజు, రక్షణ శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి 1990లలోనే తక్కువ ధర స్టెంట్ రూపొందించారు. వాడే వైద్యుడు, పరికరం తయారు చేయగల శాస్త్రవేత్త కలిసి కూర్చున్నందువల్ల అది సాధ్యమైంది. పరీక్షలు మానివేసి తగ్గించిన ధర అటువంటిది కాదు. అది రోగి ప్రాణంతో చేసే పొదుపు.

చిన్న పారిశ్రామికులకు సొంత ప్రయోగశాలలు పెట్టుకోవడం కష్టమే. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌లో అందరికీ ఉపయోగపడే ఉమ్మడి పరీక్షా కేంద్రాలు ఉన్నాయి. స్థలాలు ఇవ్వడంతో సరిపెట్టక, చిన్నవారికి అందుబాటు రుసుముతో అటువంటి సదుపాయం ఇక్కడా కల్పించడం పరిశ్రమ భవన్ అధికారుల కర్తవ్యం. కొనుగోలు సంస్థ టెండర్లలో కాగితాలతో తృప్తిపడక, కర్మాగారాన్ని తనిఖీ చేసిన తరువాతనే ధరల కవరు విప్పాలి. తనిఖీలో ఏమి తేలిందో, ఏ బ్యాచ్ నాణ్యత పరీక్షలో తప్పిందో ప్రజలకు ఎప్పటికప్పుడు వెల్లడించాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పద్ధతి ఇకనైనా మానాలి.

ఆపరేషన్ బల్లపై పడుకున్న రోగి తనకు ఎక్కించే సెలైన్ ఎవరు తయారు చేశారని అడగలేడు. అతని తరఫున అడగవలసినవారు టెండరుపై, ఒప్పందంపై సంతకం చేసేవారే. ఆ సంతకానికి ముందు ఒకసారి కర్మాగారం గడప తొక్కి రావడం వారికి భారం కారాదు.