మిర్యాము చేతిలో ఉన్నదేమిటి?



మట్టల ఆదివారమునకు మూడు వారాల ముందు మా పాస్టరేట్ కమిటీ కూడుకొన్నప్పుడు యౌవనస్థులు ఒక మనవి తెచ్చారు. ఊరేగింపులో డ్రమ్స్ ఉండాలని. అందరూ సరే అన్నారు. “మందిరములోని సెట్టును ఆటోలో ఎక్కించి బీదరు రోడ్డంతా తిప్పడం కష్టం కదా” అన్నాను నేను. “సెట్టు కాదు అయ్యగారూ, డప్పులు” అన్నాడు ఒక అబ్బాయి. గదిలో మాట ఆగిపోయింది.

డ్రమ్ము అనే ఇంగ్లీషు మాటకు మన దగ్గర ఏ ఇబ్బందీ లేదు. నీళ్లు పట్టుకొనే నీలం డ్రమ్ము, రోడ్డు వేసేవారి తారు డ్రమ్ము, ఆరాధనలో మోగే డ్రమ్స్, అన్నీ మర్యాదగల మాటలే. తెలుగులోకి వచ్చేసరికి చిక్కు. చెవిలోపలి పల్చని పొరకు కర్ణభేరి అని ఎంత గంభీరమైన పేరు పెట్టారో చూడండి. సందేహము లేకుండా చెప్పేవాడు ఢంకా బజాయించి చెబుతాడు. గొప్పలు చెప్పుకొనేవాడు మాత్రం సొంత డప్పు కొట్టుకొంటాడు. ఢంకాకు గౌరవము, డప్పుకు ఎగతాళి. ఒకటి రాజుగారి కోట మీద మోగినది, మరొకటి మాదిగవాడనుండి వచ్చినది. భాష కూడా కులము చూస్తుంది. తమిళులు ఈ వాయిద్యమును పరై అంటారు. దానిని కొట్టే పరైయర్ల పేరునుండే ఇంగ్లీషులోకి ‘పరియా’ అనే మాట వెళ్లింది. వెలివేయబడినవాడు అని దాని అర్థము. ఒక వాయిద్యము పేరు మనుష్యులకు తగిలి, అక్కడనుండి లోకమంతటా తిట్టుగా మారినది.

కమిటీలో మొదట నోరు విప్పినవాడు డెబ్బది దాటిన ఒక పెద్దాయన. “అయ్యగారూ, ఆ డప్పు మెడల నుంచి దిగుతదనే మా నాయిన బాప్తిస్మం తీసుకున్నడు. దొర ఇంట్ల పెండ్లైనా, ఊర్ల సావైనా పిలిస్తే పోవాలె. పోకుంటే దెబ్బలు. పైస లేదు, బయట కూసొని ఇంత బువ్వ తినుడు. మళ్ల నా మనుమని మెడల మీరు ఏస్తరా?”

ఆ అబ్బాయి ఊరుకోలేదు. “తాతా, 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మనవాళ్లు ఉద్యమం మొదలుపెడితే దానికి దండోరా అనే పేరొచ్చింది. డప్పు కొట్టుకుంటనే నడిచిన్రు. వాళ్లకు లేని సిగ్గు మనకెందుకు?” అన్నాడు. పెద్దాయన తల ఊపి, “వాళ్లు కొట్టింది వాళ్ల పనికి. మేము కొట్టింది దొర పనికి” అన్నాడు. ఆ రాత్రి ఈ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మా తాత కూడా డప్పు కొట్టినవాడే. ఇన్నేండ్ల పరిచర్యలో ఆ మాట నేను ప్రసంగ పీఠము మీదనుండి ఒక్కసారి కూడా చెప్పలేదు.

చెప్పనిది ఇంకొకటి కూడా ఉన్నది. నిర్గమకాండము 15వ అధ్యాయములో సముద్రము దాటిన తరువాత మిర్యాము తంబుర పట్టుకొన్నదని మన తెలుగు బైబిలులో చదువుతాము. తంబుర అనగానే మనకు తీగెలుగల వాయిద్యము కళ్లయెదుట కనబడుతుంది. అయితే హెబ్రీ భాషలో ఆ మాట ‘తోఫ్’. గుండ్రని చట్రమునకు తోలు బిగించి చేతితో కొట్టే వాయిద్యము. దానికి తీగెలు లేవు. 150వ కీర్తన 4వ వచనము తెరచి చూడండి, తంతివాద్యములు తంబురనుండి వేరుగా ఉన్నవి. మన ప్రాంతములో దర్గాల దగ్గర ఫకీర్లు కొట్టే దఫ్, దానికి దగ్గరి చుట్టము. డప్పును పుల్లలతో కొడతారు గనుక అచ్చముగా అదే అనలేము గాని, చట్రమూ తోలూ ఒక్కటే. వేదాంత కళాశాలలో ఇది నోట్సులో వ్రాసుకొన్నాను. సంఘమునకు చెప్పలేదు.

బుధవారము గృహ కూటములో చెప్పాను. ఐగుప్తులో ఇటుకల వెట్టి చేసిన స్త్రీలే అద్దరి చేరి తోలు వాయిద్యము కొట్టారని చెప్పాను. అక్కడ వారిని రమ్మని ఏ దొరా కబురు పెట్టలేదు.

ఒక సహోదరుడు లేచి, “త్రాగి ఆడేచోట, దేవతల జాతరలో మోగేది మందిరములోకి ఎట్లా వస్తుంది?” అని అడిగాడు. మంచి ప్రశ్నే. యెషయా 5:12 చూడమన్నాను. ద్రాక్షారసపు విందులో మోగుచున్నదీ అదే తోఫ్. ప్రవక్త వాయిద్యమును తప్పుపట్టలేదు, దేవుని పనిని చూడక త్రాగేవారిని తప్పుపట్టాడు. అదియునుగాక మనము మందిరములో పెట్టుకొన్న డ్రమ్స్ సెట్టు ఎక్కడిది? అమెరికాలో నాట్యశాలల బ్యాండ్లలో పెరిగినది. కాలితో తొక్కే పెడలును లడ్విగ్ అనే ఆయన 1909లో షికాగోలో చేశాడు. దాని పూర్వచరిత్రను మనలో ఎవరైనా అడిగామా?

కూటము ముగిసినాక పెద్దాయన నన్ను గుమ్మము దగ్గర ఆపాడు. “కొట్టనియ్యండి. కని నాది ఒక షర్తు. ఎవ్వరినీ పైసలిచ్చి పిలవద్దు. మన వాడ పోరగాండ్లే కాదు, టీచర్ల పిల్లలు, బ్యాంకుల నౌకరి చేసేటోళ్ల పిల్లలు గూడ కొట్టాలె. ఆడపిల్లలు గూడ. మిర్యాము ఆడమనిషే కద” అన్నాడు.

ఈ షర్తు కమిటీలో రెండు గంటలు నలిగింది. ఇద్దరు తల్లిదండ్రులు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడము లేదు.

పక్క ఊరినుండి నాలుగు డప్పులు అరువు తెచ్చారు. కుడిచేతి పుల్లను సిర్ర అంటారనీ, ఎడమచేతి సన్నని దానిని సిటికెన పుల్ల అంటారనీ సగము మంది పిల్లలకు అప్పుడే తెలిసినది. మట్టల ఆదివారము తెల్లవారుజామున మందిర ఆవరణలో గడ్డి మంట వేసి డప్పులు కాచారు. ఒక ఉపాధ్యాయుని కుమార్తె ముందు నడిచింది. దుకాణాలవాళ్లు బయటికి వచ్చి చూశారు. ఒకరిద్దరు నవ్వారు కూడా.

పెద్దాయన ఊరేగింపులో నడవలేదు. మందిరపు గేటు దగ్గర కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. మేము తిరిగి వచ్చినప్పుడు నన్ను దగ్గరకు పిలిచి, “అయ్యగారూ, రెండో డప్పు సరిగ కాగలేదు, మోత మొద్దుగుంది. వచ్చే యేడు నన్ను పొద్దుగాల్నే లేపున్రి, నేను కాస్త” అన్నాడు.