టార్పాలిన్ కట్టని లారీ
రాయ్‌పూర్‌ టాటీబంధ్‌లో ఎయిమ్స్‌కు వెళ్లే బైకులకూ, సరుకు లారీలకూ ఒకటే దారి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న లారీ మీద నుంచి, 3 మీటర్ల ఎత్తున ఉన్న బొగ్గు పెళ్ల జారిందనుకోండి. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, పెద్దదైనా చిన్నదైనా అది 0.78 సెకన్లలో నేలను తాకుతుంది. ఆలోగా లారీ వేగంతోనే 13 మీటర్లు ముందుకు పోతుంది. డ్రైవరు అద్దంలో చూస్తే నిటారుగా పడినట్టుంటుంది. రోడ్డు పక్కన టీ తాగేవారికి పరావలయం కనిపిస్తుంది. నేలను తాకాక పెళ్ల వేగం తగ్గుతుంది, వెనకాల బైకు వేగం తగ్గదు. ప్రమాదం అక్కడే. మనిషి చూసి, తేరుకుని బ్రేకు వేసేసరికి సాధారణంగా సెకను దాటుతుంది. హెల్మెట్ పెట్టుకోమని బైకువాళ్లకు చెబుతాం, మంచిదే. నన్నడిగితే మాత్రం, ముందు నిలదీయాల్సింది లోడు మీద టార్పాలిన్ బిగించకుండా లారీని గేటు దాటించినవాళ్లని.