త్రిలింగమా, తెనుఁగా?

గోదావరీతీరమున కాళేశ్వరము, కృష్ణాతీరమున శ్రీశైలము, తూర్పుసీమలో ద్రాక్షారామము – ఈ మూడు క్షేత్రములందును శివుడు లింగరూపమున వెలసియున్నాడు. కావున వీని నడుమనున్న దేశము త్రిలింగమయ్యెననియు, ఆ శబ్దమే క్రమముగా తెలుగు అయ్యెననియు పెద్దలు చెప్పుచుందురు. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానకవియగు విద్యానాథుడు 14వ శతాబ్ది తొలినాళ్లలో తన అలంకారగ్రంథమున ఈ భావమునే శ్లోకమున నిబంధించెను. వినుటకు ఇంపైన కథయే. ఇంపుగా నున్నదన్న మాత్రమున దానిని చరిత్రగా అంగీకరించుట తగదు.

దేశపటమును ముందు పరచుకొని ఈ మూడు క్షేత్రములను గీతలతో కలిపి చూచిన బాలురకు ఒక వింత కనబడును. నెల్లూరు, కడప, అనంతపురము, శ్రీకాకుళము, నిజామాబాదు ఆ త్రికోణమునకు వెలుపలనే యుండును. కడకు హైదరాబాదు నగరమునకును లోపల చోటు దొరకదు! తెలుగు మాటాడు సీమలో పెక్కుభాగమును వెలివేయు హద్దులు ఆ భాష పేరునకు మూలమెట్లగును? లింగముల లెక్కయైనను సరిగా కుదురదు. కాళేశ్వరమున ఒక్క పానవట్టముపైననే రెండు లింగములున్నవి గదా!

విద్యానాథునికి దాదాపు మూడు శతాబ్దులకు పూర్వమే నన్నయభట్టు తన భారతమున తెనుఁగు అను రూపమును వాడెను. జనుల నోట పుట్టిన పేరునకు పండితులు పిదప సంస్కృతపు ఉడుపు తొడుగుట మన దేశమున క్రొత్త గాదు. తమిళశబ్దమే ద్రమిళ, ద్రవిడ రూపములు దాల్చెనని భాషావేత్తలు పెక్కురు తలచుచున్నారు. తెలుంగు త్రిలింగమగుటయు అట్టిదే యనుట యుక్తముగా నున్నది. 19వ శతాబ్దిలో తెలుగునకు నిఘంటువు కూర్చిన బ్రౌను దొరయు త్రిలింగవ్యుత్పత్తిని కల్పనగానే యెంచెను.

తేనెవలె తీయనిది గనుక తెనుగు అనువారును కలరు. అది మెచ్చుకోలే గాని వ్యుత్పత్తి గాదు. గంటి జోగిసోమయాజిగారి వంటి భాషావేత్తలు ‘తెన్’ అనగా దక్షిణదిక్కు అనియు, తెనుఁగువారనగా దక్షిణాదివారనియు వివరించిరి. తమిళమున నేటికిని ‘తెన్’ శబ్దమునకు ఆ యర్థమే కలదు. దిక్కునుబట్టి జనులకు పేరిడుట లోకమున సహజము గాన, తక్కినవానికంటె ఈ మతమే బలమైనదిగా తోచును. ఐనను తెలుఁగులోని లకారము తెనుఁగున నకారమయ్యెనో, ఆ నకారమే లకారమయ్యెనో, ఆ ముడి మాత్రము ఇంకను వీడలేదు.