పదకోశానికి ఎనిమిది పాయింట్లు

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం నియామకాల, పదోన్నతుల లెక్కలో భాషాధ్యాపకుడు ఒక పరిశోధన వ్యాసం ప్రచురిస్తే 10 పాయింట్లు వస్తాయి. దేశీయ ప్రచురణ సంస్థ వేసిన పుస్తకానికి సంపాదకుడిగా ఉంటే 8 వస్తాయి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటాన్ని ఈ పట్టికలో పెట్టి చూడండి. నాగలి, మేడి, కాడి, కర్రు అంటూ రైతు నోట వాడే మాటలను ఊరూరా సేకరించి, ఏ మాట ఏ ప్రాంతానిదో గుర్తించి కూర్చిన ఆ పుస్తకం విలువ ఒక వ్యాసం కన్నా తక్కువని తేలుతుంది. ఇలా లెక్క కడితే నష్టపోయేది ఆచార్యులు మాత్రమే కాదు. తెలుగుకు అన్నిటికన్నా అవసరమైన పని చేసేవారే మిగలరు.

కృష్ణమూర్తి జీవితంలో పరిశోధన, బోధన, ప్రజల పని వేరువేరు గదుల్లో లేవు. ఒంగోలులో 1928లో పుట్టి, కుర్రతనంలో పద్యాలు రాసిన ఆయన 1957లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ అందుకున్నారు. తెలుగు ధాతువుల మీద ఆయన గ్రంథాన్ని 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచురించింది. తమిళంలో ఇరండు మనకు రెండు ఎందుకయింది, ఉరల్ రోలు ఎలా అయింది అన్న ప్రశ్నల లోతు చూసిన పుస్తకమది. వంటింటి రోటికీ భాషాకుటుంబ చరిత్రకూ ముడి ఉందని అక్కడ తెలుస్తుంది. ఇలాంటి ధ్వని మార్పులు గోండీ, కువి, కొండ భాషల్లోనూ ఉన్నాయి. అందువల్లే తెలుగుకు దగ్గరి తోబుట్టువులు తమిళ కన్నడాలు కావు, మన అడవుల్లోని ఈ భాషలే అన్న నిర్ణయం బలపడింది. వీటిలో విశాఖ మన్యంలోని కొండదొరలు మాట్లాడే కొండ భాష మీద 1969లో ఆయన వేసిన వ్యాకరణం నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. మనం పలకడం మానేసి ఛందోగ్రంథాలకు వదిలేసిన బండి ఱ ఆ భాషలో ఇంకా వేరే ధ్వనిగానే బతికి ఉంది. నన్నయ నాటి తెలుగు ఉచ్చారణను అర్థం చేసుకోవాలన్నా కొండదొరల మాట వినాల్సిందే. ఆ సంగతి గ్రంథాలయంలో కూర్చుంటే దొరకదు.

ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ 1962లో మొదలైంది. 1986 వరకు ఆయన అక్కడే ఆచార్యులు. చేనేత పదకోశం 1971లో వచ్చింది ఈ కాలంలోనే. ఆ తర్వాత 1993 దాకా హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి. ద్రావిడ భాషలన్నిటి మీదా రాసిన మహాగ్రంథాన్ని కేంబ్రిడ్జి ప్రచురించేనాటికి, అంటే 2003లో, ఆయనకు దాదాపు 75 ఏళ్లు. ధాతువుల పుస్తకానికీ దీనికీ మధ్య 42 ఏళ్లున్నాయి. ఏటేటా లెక్క చూపమనే పద్ధతిలో ఇంత ఓపికకు చోటు దొరకడం కష్టం.

అంకెలు తీసేస్తే నియామకాల్లో పైరవీలు, కులం, పరిచయాలు రాజ్యమేలతాయని కొందరి భయం. ఆ భయం ఉత్తది కాదు. కానీ అంకెలు అవినీతిని ఆపలేదు. డబ్బు తీసుకుని వ్యాసాలు వేసే పత్రికలు పెరగబట్టే యూజీసీ నమ్మదగిన పత్రికలతో కేర్ జాబితా తేవాల్సి వచ్చింది. ఈ పాయింట్ల పట్టికను పక్కన పెట్టాలని 2025 జనవరి ముసాయిదాలో యూజీసీయే ప్రతిపాదించింది. బయటి నిపుణులు పుస్తకాన్ని చదివి, కారణాలు రాసి సంతకం పెట్టి, ఆ నివేదికను అందరికీ అందుబాటులో ఉంచితే పైరవీకి తావు తగ్గుతుంది. కృష్ణమూర్తి వంటి ప్రతిభ అందరికీ ఉండదన్నది ఇంకో అభ్యంతరం. నిజమే, ధాతువుల గ్రంథం అందరూ రాయలేరు. పదకోశం సంగతి వేరు. అది ఒక్కరి ప్రతిభతో తయారైంది కాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పూనుకుంది, సేకర్తలు పల్లెలకు వెళ్లారు, రైతులు ఓపిగ్గా చెప్పారు. అలాంటి ఏర్పాటు ఉంటే సాధారణ అధ్యాపకుడూ, పరిశోధక విద్యార్థీ విలువైన పని చేయగలరు.

ట్రాక్టర్ వచ్చాక మేడి, కాడి ఎవరికి కావాలని అడిగేవారూ ఉన్నారు. రాయలసీమలో నాగలికి వాడే మడక అన్న మాట తెలిసిన రైతులు వృద్ధులయ్యారు కాబట్టే తొందర పడాలి. పైగా వృత్తులు ఆగిపోలేదు, మారాయి. భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర, బోరుబావి తవ్వే లారీల దగ్గర, మిర్చి యార్డుల్లో జనం రోజూ కొత్త మాటలు కడుతున్నారు, పాత మాటలకు కొత్త అర్థాలిస్తున్నారు. వీటన్నిటికీ పదకోశాలు కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలూ జిల్లాలు పంచుకుని, ఒక్కో శాఖ ఒక్కో వృత్తిని ఎంచుకోవాలి. అందులో పనిచేసే అధ్యాపకుడికి ఆ సంవత్సరాలను పదోన్నతిలో పూర్తిగా లెక్కించాలి. మొదటి సంపుటం రొయ్యల చెరువులతోనే మొదలుపెట్టవచ్చు.