నాణెం కాదది... పతకమే!

నీలం మఖమల్ పెట్టె, అందులో వరసగా యాభై వెండి బిళ్లలు, మూతలో నంబరు వేసిన సర్టిఫికెట్. అమెరికాలో తాతలు పోయాక అటకల మీంచి ఇప్పటికీ ఇలాంటి పెట్టెలు దిగుతుంటాయి. వేల డాలర్లు వస్తాయన్న ఆశతో మనవలు దుకాణానికి పట్టుకెళ్తే, వ్యాపారి ముందు సర్టిఫికెట్ చూడడు, త్రాసు తీస్తాడు!

వీటిలో చాలావాటి పుట్టిల్లు పెన్సిల్వేనియాలోని ఫ్రాంక్లిన్ మింట్. 1964లో జోసెఫ్ సీగెల్ పెట్టిన ప్రైవేటు టంకశాల అది. దేశాధ్యక్షులు, రాష్ట్రాలు, చంద్రయాత్ర... దేనిమీదైనా సరే ఓ వరస విడుదలయ్యేది. నెలనెలా పోస్టులో ఇంటికొచ్చేవి. 'పరిమిత సంఖ్యలోనే' అన్న మాటకు జనం పడిపోయేవారు. చాలా వరసలకు ఆ పరిమితి ఏమిటంటే, గడువులోగా ఎంతమంది డబ్బు కడితే అన్ని! కావాలన్నవాళ్లందరికీ మొదటే అందితే, తర్వాత కొనేదెవరు?

కొన్న ధర తిరిగి రావడంలేదని 1978లో సీబీఎస్ టీవీ '60 మినిట్స్' కార్యక్రమం బయటపెట్టింది. ఏడాది తిరిగేసరికి మరో వింత. 1980 జనవరిలో ఔన్సు (31.1 గ్రాములు) వెండి 50 డాలర్ల దాకా ఎగబాకింది. ఎన్నో పెట్టెలు కొలిమికెళ్లాయి. అందమైన బొమ్మలన్నీ కరిగి ముద్దయ్యాయి, తెచ్చినవాళ్ల చేతికి మాత్రం మంచి సొమ్మే వచ్చింది. ఇంకా పెరుగుతుందని ఆగినవాళ్లకు మార్చికల్లా ధర కుప్పకూలింది.

అసలు ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రైవేటు సంస్థ సొంతంగా పోసింది నాణెమే కాదు. మన దేశంలోనూ 2011 నాణేల చట్టం ప్రకారం ఆ అధికారం కేంద్రానిదే. 2023లో విడుదలైన ఎన్టీఆర్ వంద రూపాయల బిళ్ల నాణెం. అక్షయ తృతీయకు నగల దుకాణంలో కొనే లక్ష్మీదేవి వెండి బిళ్ల కాదు. దానిమీద కట్టిన మజూరీ, 3 శాతం జీఎస్టీ అమ్మేటప్పుడు రావు. పూజగదికైతే ఆ లెక్క అక్కర్లేదనుకోండి!

చుట్టాలు అమెరికా నుంచి తెచ్చిన బిళ్ల ఉంటే దాని అంచు చూడాలి. 'స్టెర్లింగ్' అని ఉంటే 92.5 శాతం వెండి. బంగారు పూతను చూసి మురిసిపోనక్కర్లేదు, గీకినా చేతికి రానంత పలచన. మరీ తక్కువగా పోసిన కొన్నిటికి సేకర్తలు ఎక్కువిస్తారు కాబట్టి, కరిగించేముందు పాత నాణేల వ్యాపారికోసారి చూపించడం మంచిది. అప్పటిదాకా చింతపండుతో తోమొద్దు. మెరుగు పెట్టినవాటిని సేకర్తలు ఇష్టపడరు.